మూడింటి ఎండకు అట్టగూడు

మధ్యాహ్నం మూడు దాటేసరికి ఆ తెర మీద ఆటకు బదులు ఆమె మొహమే కనిపించేది. చెదిరిన జుట్టు, కళ్ళద్దాలు, వెనకాల అట్టల దొంతర్లు, వాటి మీద పైకప్పులోంచి దిగిన తెల్లటి ఎండ. ఆట అంతా భూమి కింద, ఒక గనిలో జరుగుతుంది. నల్లటి సొరంగాలు, నల్లటి మెట్లు, చేతిలో చిన్న దీపం. ఎండ పడితే ఆ నలుపంతా అద్దమైపోయేది. ఏది దారో ఏది గొయ్యో తెలియక ఆమె బొమ్మ ఒక అడుగు వేసేది, జారి పడేది, మళ్ళీ మొదటి మెట్టు దగ్గర లేచేది. ఆ రోజుకి అది పదకొండోసారి.

"ఏమైందక్కా?" అని ఫోనులోంచి తాబేలు అడిగాడు. ఆటలో ఆ కుర్రాడి పేరది.

"పడిపోయా."

"పర్లేదు. మళ్ళీ దిగండి. వాడింకా మూడో అంతస్తులోనే తవ్వుకుంటున్నాడు. నేను దూరం నుంచి చూస్తున్నా."

వాడు అంటే ఆమె తమ్ముడు. ఇల్లు వదిలి వెళ్ళి అప్పటికి ముప్పై ఎనిమిది రోజులు.

ఆమెది అట్టపెట్టెల కార్ఖానా. చెప్పుల పెట్టెలు, మందుల పెట్టెలు, నగల దుకాణాలకు లోపల మఖమల్ కాగితం అంటించిన చిన్న పెట్టెలు. వీధిలో అందరికీ ఆమె పెట్టెల అక్క. తల్లీ తండ్రీ ఏడాది తేడాలో పోయినప్పుడు తమ్ముడికి తొమ్మిదేళ్ళు. అప్పటినుంచి వాడికి అక్కా ఆమే, అమ్మా ఆమే, కార్ఖానాలో చేరాక యజమానీ ఆమే. ఈ మూడింటిలో ఎప్పుడు ఎవరు మాట్లాడుతున్నారో వాడికి ఒక్కోసారి అర్థమయ్యేది కాదు. ఆమెకూ అయ్యేది కాదు.

కార్ఖానాలో అట్టలు కోసే మిషన్ ఒకటుంది. పుస్తకం తెరిచి మూసినట్టు రెండు ఇనుప పలకలు విడిపోయి కలుస్తాయి. మధ్యలో అట్ట పెట్టి పెడల్ తొక్కితే పెట్టె ఆకారంలో తెగి బయటికొస్తుంది. అట్ట పెట్టి తొక్కేది తమ్ముడు. తెగిన అట్టను అవతలి పక్క నుంచి లాగేది పిన్ని. పిన్ని అంటే చుట్టం కాదు. ఆ కార్ఖానాలో ఇరవై ఏళ్ళుగా జిగురు పూస్తున్న మనిషి. తమ్ముడికి బూట్ల తాడు కట్టుకోవడం నేర్పింది కూడా ఆవిడే.

తమ్ముడు వెళ్ళిపోవడానికి నాలుగు రోజుల ముందు, ఒక మధ్యాహ్నం, వెండిరంగు మెరుపు అట్టలు కోస్తున్నారు. పిన్ని చెయ్యి ఇంకా లోపల ఉండగానే తమ్ముడి కాలు పెడల్ మీద పడింది. కుడిచేతి చివరి రెండు వేళ్ళూ పోయాయి.

ఆసుపత్రి వరండాలో వాడు గోడకి ఆనుకుని చెప్పాడు. "వెలుతురు పడిందక్కా. ఒక్కసారిగా అంతా తెల్లగా అయిపోయింది. చెయ్యి కనిపించలేదు."

ఆమె నోరు జారింది. జారిందనడం కూడా తప్పే. తెలిసే అంది.

"రాత్రంతా ఆ దిక్కుమాలిన ఆట ఆడి, పగలు నిద్రమత్తులో మిషనెక్కి, ఇప్పుడు వెలుతురు మీద పెడుతున్నావా? నువ్వు లేకపోయినా ఈ కార్ఖానా నడిచేది. నువ్వు లేకపోతే పిన్నికి చెయ్యన్నా ఉండేది."

వాడు ఇంట్లో ఉన్న ఆ నాలుగు రోజులూ మాట్లాడలేదు. ఆమె కోపం దిగక ఇంట్లో నెట్ కనెక్షన్ తీయించేసింది, వాడి కంప్యూటర్‌ను కార్ఖానాకు మోయించింది. అయిదో రోజు పొద్దున్న బల్ల మీద వాడి ఫోను, ఇంటి తాళంచెవి, చేతి గడియారం వరసగా పెట్టి ఉన్నాయి. ఉద్యోగం మానేసేవాడు వస్తువులు అప్పగించి వెళ్ళినట్టు.

పారిపోయేవాడు ఫోను తీసుకెళ్తాడు కదా. గడియారమన్నా తీసుకెళ్తాడు కదా. పోలీసు స్టేషన్లో ఫిర్యాదు రాసుకుని, "ఇరవై ఆరేళ్ళవాడమ్మా, కోపం చల్లారితే వాడే వస్తాడు," అన్నారు. ఆమె బస్టాండులు తిరిగింది. రైలు పట్టాల పక్క కాపలా గదుల్లో ఫొటో చూపించింది. ఆసుపత్రి వెనక శవాల గది తలుపు దగ్గర రెండుసార్లు నిలబడింది. రెండుసార్లూ లోపల ఉన్నది ఇంకెవరి తమ్ముడో. బయటికొచ్చి గోడవారన కూర్చుని, వాడు కానందుకు సంతోషపడ్డ తన మనసుని తనే తిట్టుకుంది.

ఇరవయ్యో రోజున కంప్యూటర్ తెర అంచున అంటించి ఉన్న చిన్న చీటీ కంటపడింది. దాని మీద "తాబేలు" అని, ఒక ఫోను నంబరు. చేస్తే పాల వ్యాను నడిపే కుర్రాడు పలికాడు. తమ్ముడితో మూడేళ్ళుగా ఆట ఆడుతున్నాడట, ఎప్పుడూ మొహం చూసుకోలేదట. వెతికి చెప్తానని, పది రోజులకి తనే మళ్ళీ ఫోను చేశాడు.

"ఉన్నాడక్కా," అన్నాడు తాబేలు. ఆ ఒక్క మాటకి ఆమె అట్టల కట్ట మీద కూలబడింది. "పాత పేరు వదిలేశాడు. ఉడుత అని కొత్త పేరు పెట్టుకున్నాడు. కానీ తవ్వే పద్ధతి వాడిదే. ఎప్పుడూ ఎడమ గోడ పట్టుకుని తవ్వుతాడు. దగ్గరికెళ్ళి గొంతు కూడా విన్నా."

"ఎక్కడున్నాడట?"

"అది అడగబోయే చెడగొట్టానక్కా. మీ అక్క వెతుకుతోంది రా అన్నా. అంతే, మాయమైపోయాడు. ఆరు రోజులు రాలేదు. మళ్ళీ నిన్న వచ్చాడు. నన్ను చూస్తే దారి మార్చుకుంటున్నాడు. రోజూ మూడింటికి వస్తాడు, అయిదు లోపల వెళ్ళిపోతాడు. ఆ గనిలో పక్కన నిలబడితేనే మాట వినిపిస్తుంది, దూరం నుంచి కుదరదు. మీరే రావాలి. కానీ అక్కలా రావొద్దు. ఎవరో కొత్త మనిషిలా రండి. బెదిరితే ఈసారి అసలు దొరకడు."

అలా, మౌస్ పట్టుకోవడం బిల్లులు కొట్టేంతవరకే తెలిసిన మనిషి గనిలోకి దిగింది. కొత్తమనిషి అనే పెట్టుకుంది పేరు. తాబేలు ఓపికగా నేర్పాడు. ఈ మీట నొక్కితే నడక, ఇది గెంతు, ఇది దీపం. పొద్దున పూట ఎలాగో రెండో అంతస్తు దాకా దిగగలిగేది. కానీ తమ్ముడు వచ్చేది మూడింటికి. సరిగ్గా ఆ వేళకే పైకప్పు పడమటి వాలులో వేసిన మూడు తెల్లటి ప్లాస్టిక్ రేకుల్లోంచి ఎండ దిగి తెరని మింగేసేది. రేకులు కప్పేస్తే పనివాళ్ళకి మడతలు కనిపించవు. తెర జరుపుదామంటే నెట్ వైరు ఆ మూల దాటి రాదు. ఒకరోజు దుప్పటి తెచ్చి తల మీదుగా తెర మీదికి కప్పుకుంది. ఊపిరాడక కళ్ళద్దాలు చెమర్చాయి, చేతి కింద మీటలు కనిపించలేదు. పైగా అట్టలు దింపడానికి వచ్చిన లారీ మనిషి దుప్పటి కదలడం చూసి కెవ్వుమన్నాడు.

అప్పుడే పిన్ని తిరిగి పనిలోకి వచ్చింది. కుడిచేతికి కట్టు చిన్నదైంది. ఎడమచేత్తో జిగురు పూయడం నేర్చుకుంటోంది. రావద్దు పిన్నీ అంటే వినలేదు. ఇంట్లో కూర్చుంటే లేని వేళ్ళు నొప్పి పెడుతున్నాయంది. తమ్ముడి పేరు మాత్రం ఎత్తలేదు. పెట్టెల అక్కకీ ఎత్తే మొహం లేదు. దుప్పటి భాగోతం రెండు రోజులు చూసి పిన్ని అంది.

"ప్రపంచంలో ఉన్న ప్రతి వస్తువుకీ పెట్టె చేశావు కదమ్మాయ్. దానికొకటి చెయ్యలేవా?"

నిజమే కదా అనిపించింది. తెర పైన ఒక అట్ట, రెండు పక్కలా రెండు అట్టలు, ముందుకి పొడుచుకొచ్చినట్టు. గుర్రబ్బండి గుర్రానికి కట్టే కళ్ళగంతల్లాగా. జానెడు లోతు పెట్టి పది నిమిషాల్లో చేసింది. కాస్త నయం. కానీ మూడుంబావుకి ఎండ ఏటవాలుగా దిగి, అట్ట లోపలివైపు బూడిదరంగు మీద పడి, అక్కణ్ణుంచి తెర మీదికి ఎగిరింది. గనిలో పొగమంచు పట్టినట్టయింది. మర్నాడు మూరెడు లోతు పెట్టి, లోపల అచ్చు సిరా నల్లగా పూసింది. ఆరాక అది నల్లద్దంలా మెరిసింది. ఆ రోజు పధ్నాలుగుసార్లు పడింది. పధ్నాలుగోసారి పడ్డాక చేతులు మీటల మీదే పెట్టి ఏడ్చింది.

పిన్ని లేచి వెళ్ళి నగల పెట్టెల బల్ల మీది నుంచి నల్ల మఖమల్ కాగితం చుట్ట తెచ్చి ఒళ్ళో పడేసింది. "మెరిసేది వెలుతురుని తిప్పికొడుతుంది. ఇది మింగేస్తుంది. నగ మెరవాలంటే వెనకాల ఏది వేస్తామో ఇరవై ఏళ్ళుగా చూస్తున్నా." ఆగి, మిషన్ వైపు చూసింది. "ఈ వేళప్పుడు అక్కడా ఇంతే. మెరుపు అట్ట పెడితే కళ్ళు బైర్లు కమ్మేవి. నేను మొహం అటు తిప్పుకునే లాగేదాన్ని."

పెట్టెల అక్క ఆవిడ వంక చూసింది. లేచి మిషన్ దగ్గరికి వెళ్ళింది. స్విచ్ ఆపి ఉందో లేదో రెండుసార్లు చూసుకుని, ఒక వెండిరంగు అట్ట తీసి పలకల మధ్య పెట్టి, తమ్ముడు నిలబడే చోట నిలబడింది. గోడ గడియారంలో మూడూ ఇరవై.

కళ్ళ ముందు తెల్లగా పేలింది. అట్ట లేదు, పలక లేదు. అవతలికి చాపిన తన చెయ్యే తనకు కనిపించలేదు. తల పక్కకి తిప్పినా కళ్ళలో ఆకుపచ్చ మచ్చలు ఈదుతున్నాయి.

ఆరేళ్ళుగా ఆ మిషన్ అక్కడే ఉంది. రేకులు వేయించింది తనే, రెండేళ్ళ క్రితం, వెలుతురు చాలట్లేదని. మెరుపు అట్టల పని మొన్న మొన్నే మొదలైంది. వాడు ఆసుపత్రిలో చెప్పింది అక్షరాలా ఇదే. ఆమె మిషన్ పక్కన నేల మీద కూర్చుండిపోయింది. పిన్ని వచ్చి భుజం మీద చెయ్యి వేయలేదు, ఓదార్చలేదు. తన పనికి తను వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి మూడింటికి మిషన్ ఆపేయాలని, మళ్ళీ అయిదింటికి గానీ తిప్పొద్దని పెట్టెల అక్క గోడ మీద రాసింది.

మూడో గూడు పని చేసింది. మూరెడు లోతు, లోపలంతా నల్ల మఖమల్, చెవుల్లా విప్పి మూసే పక్క అట్టలు. పిన్ని ఎడమచేత్తో జిగురు పూస్తుంటే ఆమె అంచులు నొక్కింది. తల లోపల పెట్టి చూస్తే మొదటిసారి గని గనిలా కనిపించింది. గోడల్లో రాళ్ళు, మెట్ల అంచులు, అక్కడక్కడ నీటి మడుగులు. నలభై మూడో రోజున మూడో అంతస్తుకి దిగింది. ఎడమ గోడ పట్టుకుని తవ్వుతున్న చిన్న బొమ్మ పక్కన దీపం పట్టుకుని నిలబడింది.

"ఎవరండీ?" అన్నాడు తమ్ముడు.

వాడి గొంతు కొంచెం బొంగురుపోయింది. దగ్గుతున్నాడు. తిన్నాడో లేదో. ఆమె నోరు గట్టిగా మూసుకుని ఒక్కొక్క అక్షరమే వెతికి కొట్టింది. కొత్త. దారి తెలీదు.

"ఇంత నెమ్మదిగా టైపు చేస్తున్నారంటే పెద్దవాళ్ళయి ఉంటారు. పెద్దాయనా అననా?"

సరే.

"నా వెనకే రండి పెద్దాయనా. కుడి పక్క కాలు పెట్టకండి, అక్కడ గొయ్యి."

ఆ రోజు నుంచి వాడు ముందు నడిచేవాడు, ఆమె వెనక. పదిహేడేళ్ళు వాణ్ణి చెయ్యి పట్టుకుని నడిపించాననుకున్న మనిషి, వాడు ఆగిన చోట ఆగి, వాడు గెంతిన చోట గెంతింది. విసుక్కోడు. పడిపోతే తిరిగొచ్చి మొదటి మెట్టు దగ్గర నిలబడేవాడు. ఇంత ఓపిక ఎప్పుడొచ్చింది వీడికి అనుకుంది. ఎప్పుడూ ఉందేమో, చూసే తీరిక తనకే లేదేమో అని కూడా అనుకుంది. మాట్లాడించాలని అడపాదడపా ఏదో అడిగేది. వాడికీ ఎవరితోనో ఒకరితో మాట్లాడాలని ఉన్నట్టుంది. తనెవరో తెలియని మనిషితో అయితే మరీనూ.

రెండో రోజు నాలుగింటికి ఆమె మళ్ళీ జారిపడింది. తెరలో ఏదో తెల్లటిది కదులుతోంది. ఎండ, అని కొట్టింది. గూడు పెట్టాను. అయినా తెల్లగా కనిపిస్తోంది.

"మీరు తెల్ల చొక్కా వేసుకున్నారా?"

ఆమె తన ఒంటి వంక చూసుకుంది. లేత పసుపు చీర.

"మీ మీద పడ్డ ఎండే తెరలో కనిపిస్తోంది. ముదురు రంగు వేసుకోండి. తెర పైభాగం కొంచెం మీ వైపు వంచండి. గూడు లోపల నలుపు వేశారా? మెరిసే నలుపు కాదు. ఇక్కడ కంప్యూటర్ సెంటర్లో కిటికీలు పెద్దవి, పరదాల్లేవు. ఎనిమిది కంప్యూటర్లకీ నేనే చేసిపెట్టా. అందుకే నన్ను ఊరికే కూర్చోనిస్తున్నారు."

ఎవరు నేర్పారు?

"మా అక్క పెట్టెలు చేస్తుంది. అట్ట ఏ వైపు మడిస్తే విరగదో కళ్ళు మూసుకుని చేత్తో తాకి చెప్పేస్తుంది. ఈ గూడు తనైతే పది నిమిషాల్లో చేసేసేది. నాకు రెండ్రోజులు పట్టింది."

అక్క వెతుకుతుంటుందేమో.

వాడు మళ్ళీ పార ఎత్తాడు. "లేదు పెద్దాయనా. నేను లేకపోతేనే నయం అంది. కోపంలోనే అనుకోండి. కానీ అబద్ధం కాదు. నా వల్ల ఒక మనిషి చెయ్యి పోయింది. ఆవిడ మొహం నాకు రోజూ కనిపిస్తుంది."

నేనేరా, అక్కని, అని కొట్టింది. పంపలేదు. ఒక్కొక్క అక్షరమే చెరిపేసింది. తాబేలు చెప్పిన ఆరు రోజులు కళ్ళ ముందు కదిలాయి.

మర్నాడు ముదురు నీలం చీర కట్టుకుని కూర్చుంది. గని ఎన్నడూ లేనంత స్పష్టంగా ఉంది. తమ్ముడి బొమ్మ మూడో అంతస్తు మెట్ల దగ్గర తన కోసమే నిలబడి ఉంది. తవ్వడం లేదు.

"రండి పెద్దాయనా. మీకోసమే చూస్తున్నా. ఇదిగో ఈ దీపం తీసుకోండి. దీనికి నూనె అక్కర్లేదు." దీపం నేల మీద పడింది. "ఈ పార కూడా. ఏడాది పట్టింది నాకు ఇలాంటిది సంపాదించడానికి." దీపం పక్కన పార. "తాడు కూడా ఉంచుకోండి."

మీకు వద్దా?

"నాకిక అవసరం లేదండీ. రేపట్నుంచి రాను."

ఎక్కడికి వెళ్తున్నారు?

"ఎక్కడికీ లేదు."

దీపం, పార, తాడు. వరసగా, సమానంగా పెట్టి ఉన్నాయి. ఫోను, తాళంచెవి, గడియారం పెట్టినట్టే. తాబేలు ఫోనులో, "అక్కా, ఇది నాకు మంచిగా అనిపించట్లేదు. ఆపండి వాణ్ణి. ఏదో ఒకటి అనండి," అంటున్నాడు. ఆమెకు ఒక్క అక్షరం కూడా దొరకలేదు.

జిగురు బల్ల దగ్గర్నుంచి ఆమె మొహం చూసిన పిన్ని లేచి వచ్చింది. తెర చూసింది. ఇన్ని రోజులుగా ఆ గూట్లో ఎవరి కోసం తల దూర్చుకుని కూర్చుంటోందో ఆవిడకి ఒకరు చెప్పాల్సిన పని లేకపోయింది.

"వాడేనా?"

తలూపింది.

"మాట్లాడాలంటే ఏది నొక్కాలి?"

చూపించింది. పిన్ని ఆమె తల మీది నుంచి హెడ్‌ఫోన్ లాగి తన తలకి పెట్టుకుని, మూడువేళ్ళ కుడిచేత్తో మీట నొక్కి పట్టింది.

"ఒరే అబ్బాయ్. నేన్రా, పిన్నిని. ఫోను పెట్టేసినట్టు పెట్టేశావంటే ఊరుకోను. విను. నా చెయ్యి పోయి నలభై తొమ్మిది రోజులైంది. వేళ్ళు పోయిన రోజు ఆసుపత్రిలో కళ్ళు తెరిచి నీకోసమే చూశా. నువ్వు రాలేదు. ఒక్క పూట వచ్చి పక్కన కూర్చోలేదు. నాకు కోపం లేదనుకుంటున్నావేమో, చాలా ఉంది. రోజూ జుట్టు దువ్వుకునేటప్పుడల్లా వస్తోంది. ఆ కోపం నిన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని తిడితే గానీ పోదు. నువ్వు లేకుండా పోతే నేను ఎవర్ని తిట్టాలిరా? గోడనా?"

గనిలో చిన్న బొమ్మ కదల్లేదు. పిన్ని ఊపిరి తీసుకుంది.

"నా చేతికి బదులు నువ్వు పోతే నాకు వేళ్ళు మొలవ్వు. ఇంకో దుఃఖం మొలుస్తుంది. నాకు ఉన్నది చాలు. ఇదిగో మీ అక్క." హెడ్‌ఫోన్ తీసి ఆమె చేతిలో పెట్టింది.

"మిషన్ దగ్గర నిలబడ్డాన్రా," అంది పెట్టెల అక్క. "మూడూ ఇరవైకి, మెరుపు అట్ట పెట్టి. నాకూ చెయ్యి కనపడలేదు. నువ్వు నిజమే చెప్పావు. ఆ రేకులు వేయించింది నేను. తప్పు నాది. నిన్ను లేకపోతే బావుండేదన్నాను చూడు, ఆ మాట అన్న రోజు నుంచి నేను శవాల గదుల చుట్టూ తిరుగుతున్నాను. రావద్దులే, ఇంటికి రావద్దు. ఎక్కడున్నా ఉండు. ఉండు, అంతే."

"అక్కా," అన్నాడు వాడు.

అంతే. మరుక్షణం తెరలో బొమ్మ లేదు. దీపం, పార, తాడు ఉన్నాయి.

"లైను పోయిందక్కా," అన్నాడు తాబేలు సన్నగా.

తర్వాతి నలభై నిమిషాలు ఎలా గడిచాయో ఆమెకు తర్వాత ఎంత గుర్తు చేసుకున్నా గుర్తుకు రాలేదు. పిన్ని చెప్పిన దాన్ని బట్టి, ఒక పెద్ద అట్ట తీసుకుని మడిచి, విప్పి, మళ్ళీ మడిచి, అది పీలికలయ్యేదాకా మడుస్తూ కూర్చుందట. ఏ సెంటరు, ఏ ఊరు, ఏ వీధి, ఏమీ తెలియదు. పెద్ద కిటికీలు, ఎనిమిది కంప్యూటర్లు. అలాంటివి ఎన్ని ఉంటాయి. పోలీసులకి మళ్ళీ ఫోను చేస్తే రాసుకుంటామన్నారు.

అయిదుకి పది నిమిషాలుండగా తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది.

"పెట్టెలు చేసే అమ్మాయేనా?" ముసలి గొంతు, ఒక్కో మాటా ఒత్తి పలుకుతోంది. "నేను ఒకప్పుడు టైపు నేర్పేవాణ్ణమ్మా. ఇప్పుడు కంప్యూటర్ సెంటర్ నడుపుతున్నా. మీ తమ్ముడు నా దగ్గరే ఉన్నాడు. ఇందాక చెవులకి పెట్టుకున్నది తీసి పడేసి బయటికి పరిగెత్తబోయాడు. ఆ మొహం చూసి నాకు భయమేసింది. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నా. నన్ను తొక్కితే గానీ బయటికి పోలేడు. నాకు డెబ్బై ఒకటి. తొక్కడులెండి, మంచివాడు. అరగంట ఏడ్చి ఈ నంబరు చెప్పాడు. మీరొచ్చేదాకా నేను లేవను. కానీ త్వరగా రండి, నాకు నడుం నొప్పి."

ఆమె నవ్వబోయింది. అది నవ్వు కాలేదు.

బస్సులో రెండున్నర గంటలు. పిన్ని కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా ఏం తిట్టాలో పెదవుల మీదే చూసుకుంటోంది. పెట్టెల అక్క ముందు సీటు కడ్డీని పట్టుకున్న చెయ్యి వదల్లేదు. ప్రతి స్టాపులోనూ బస్సు ఆగితే ప్రాణం పోతున్నట్టుండేది. దిగేసరికి వీధి దీపాలు వెలిగాయి. మెట్లెక్కితే, చెప్పినట్టే, గుమ్మంలో ముసలాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వీళ్ళని చూసి మోకాళ్ళు పట్టుకుని లేచి దారిచ్చాడు.

లోపల ఎనిమిది తెరలు, వాటికి ఎనిమిది అట్టగూళ్ళు. కంప్యూటర్లు వచ్చిన డబ్బాలు కోసి చేసినవి, అంచులు వంకరటింకరగా. చివరి గూటి ముందు తమ్ముడు కూర్చుని ఉన్నాడు. చొక్కా భుజాల దగ్గర వేలాడుతోంది. లేచి నిలబడ్డాడు. అక్క వైపు చూడలేదు. పిన్ని కుడిచెయ్యి వైపే చూస్తున్నాడు.

పిన్ని ఆ చెయ్యి కొంగులో దాచుకోలేదు. ఎత్తి చూపించింది.

"చూడు. బాగా చూడు. ఇన్ని రోజులూ దీనికి భయపడే కదా పారిపోయావు. చూశావు కదా. ఇప్పుడు కూర్చో."

వాడు కూర్చున్నాడు. ఆవిడ ఎదురుగా స్టూలు లాక్కుని, దారంతా సిద్ధం చేసుకున్న తిట్లు మొదలుపెట్టబోయింది. ఒక్కటీ రాలేదు. నోరు తెరిచి మూసి, చివరికి, "చిక్కిపోయావేమిట్రా," అంది. వాడు రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. పెట్టెల అక్క వెళ్ళి వాడి వెనక నిలబడి, చిన్నప్పుడు జ్వరం వస్తే చూసినట్టు, వీపు మీద అరచెయ్యి ఆనించింది. వెన్నెముక ఒక్కో పూసా చేతికి తగిలింది.

ఆ రాత్రి ముగ్గురూ ముసలాయన ఇంట్లోనే ఉన్నారు. పొద్దున్నే ఆయన తెలిసిన డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ తమ్ముడితో గంటకు పైగా తలుపు మూసి మాట్లాడి, అక్కని లోపలికి పిలిచి, ఇది ఒక్క రోజులో తగ్గేది కాదని, వారం వారం రావాలని, కొన్నాళ్ళు ఒంటరిగా వదలొద్దని చెప్పింది. వాడు ఏ వంతెన దాకా వెళ్ళి ఎన్నిసార్లు వెనక్కొచ్చాడో కూడా అప్పుడే తెలిసింది. వెనక్కొచ్చి ఏం చేసేవాడని అడిగితే, మూడింటిదాకా సెంటర్ మెట్ల మీద కూర్చునేవాడట. ఎవరైనా గనిలో దారి తప్పి ఉంటారేమోనని.

తమ్ముడు కార్ఖానాకి రానన్నాడు. ఆమె సరేనంది. ఇంటికి వస్తానన్నాడు, అదీ కొన్నాళ్ళకే. దానికీ సరేనంది. ఇంకేమైనా అంటే మాట ఎటు పోతుందోనని భయం.

మధ్యాహ్నం బస్సులో ముగ్గురి సీటు దొరికింది. పిన్ని మధ్యలో కూర్చుంది. ఊరు దాటేలోగానే తిట్టడానికి గొంతు సవరించుకుని, రెండు మాటలు అని, నిద్రపోయింది. రాత్రంతా లేని నిద్ర. తల అక్క భుజం మీద వాలింది. కుడిచెయ్యి జారి తమ్ముడి మోకాలి మీద పడింది. వాడు ఆ చేతిని చూశాడు. కట్టు అంచున కొత్త చర్మం గులాబీరంగులో ఉంది. బస్సు గతుకుల్లో ఊగినప్పుడల్లా ఆ చెయ్యి కింద పడకుండా మోకాలు కాస్త పైకెత్తి పట్టుకున్నాడు. ఇల్లు చేరేవరకూ ఆ కాలు కదపలేదు. దిగేటప్పుడు తిమ్మిరెక్కి నిలబడలేక అక్క భుజం పట్టుకున్నాడు.